మోటార్ల ఫోరంలో మా ఇంటి ముచ్చట

ఆ రోజుల్లో మనిషికి కష్టం వస్తే చెప్పుకోవడానికి నలుగురు ఉండేవారని పెద్దవాళ్ళు అంటుంటారు. నాకు కష్టం వచ్చిన రోజుల్లోనూ ఉన్నారు, కాకపోతే వాళ్ళెవరి ముఖమూ నేను చూడలేదు. ఫోన్‌లోకి ఇంటర్నెట్ కొత్తగా దూరిన కాలం. నేనప్పుడు నిండు యవ్వనంలో ఉన్నాను. (సరే, యాభై నాలుగు నిండాయి. కానీ ఫోన్ చేతికొచ్చి మూడు నెలలే కాబట్టి ఆ లెక్కన పసివాణ్ణే.) గద్వాలలో, మా నేతగాళ్ళ వీధిలో, దేశదేశాల మేధావులతో రోజూ మాట్లాడేది నేనొక్కణ్ణే. నేను ఒక ప్రశ్న వేస్తే డాక్టర్లు, జడ్జీలు పనులాపుకుని జవాబు రాసేవారు. చాయ్ బండి దగ్గర నేను చెప్పేది అదీ. నిజానికి అది బోరు మోటార్లు బాగుచేసుకునే రైతుల ఫోరం. మా ఇంటి నీళ్ళ మోటారు మొరాయిస్తే వెతుక్కుంటూ పోయి అందులో పడ్డాను. మోటారు బాగైంది, నేను మాత్రం బయటికి రాలేదు. అక్కడ రోజూ రాసేవాళ్ళు తొమ్మిది మంది. ఎవరికీ అసలు పేరు లేదు. ఒకాయన ‘త్రీ ఫేజ్’, ఒకాయన ‘కాలిన కాయిల్’. నేను ‘మగ్గం మాస్టర్’. కాలిన కాయిల్‌కు మానవపాడు దగ్గర మిరప తోట ఉందట. చాయ్ బండి దగ్గర ఆయన్ని నేను హైకోర్టు వకీలును చేశాను.

ఇక కష్టం సంగతి. మా గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. మగ్గం కింది గుంటలో కాళ్ళు దింపి కూర్చుని నడుమ నూలు నేసేది ఒకరు, పక్కన కూర్చుని అంచు పట్టును ఒంటిలోని నూలుతో పోగుకు పోగు మెలేసేది ఇంకొకరు. ఆ మెలిక లేకుంటే ఒళ్ళు ఒళ్ళే, అంచు అంచే. మా ఇంట్లో గుంటలో నేను, అంచు దగ్గర మా ఇంటామె. ఒకనాడు పట్నం నుంచి ఎవరో ఫోటోలు తీసుకోవడానికి వచ్చి, ఇంత అందమైన చీర ఎవరు నేస్తారని అడిగారు. కెమెరా నా వైపు తిరిగేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. “నేనే నేస్త. ఈమె ఊరికె తోడు కూసుంటది” అన్నాను. ఆమె తలెత్తలేదు. చేతిలోని పోగు నడిపే నాడెను జాగ్రత్తగా పక్కన పెట్టి, లేచి, వంటింట్లోకి పోయింది. ఆ పోవడం పోవడం మళ్ళీ మగ్గం దగ్గరికి రాలేదు, నాతో మాట్లాడలేదు. మగ్గం మీద ఉన్నది పెళ్ళి చీర, ఇంకా రెండు మూరలు నేయాలి, ముహూర్తానికి పన్నెండు రోజులు. చీర అందకపోతే ఇక పోగు ఇచ్చేది లేదని సావుకారు కబురు కూడా పంపాడు.

అయిదో రోజున ఫోరంలో రాశాను: “సోదరులారా, నేను ఒక చిన్న మాట అన్నాను. నా భార్య మాట్లాడటం మానేసింది. తప్పెవరిది?” ఆ చిన్న మాట ఏమిటో మాత్రం రాయలేదు. ఆరుగురు జవాబిచ్చారు. ఇద్దరు “నాది కూడా ఇదే సమస్య బ్రదర్” అన్నారు. ఒకాయన “స్టార్టర్ ఏ కంపెనీది?” అన్నాడు, చదవకుండానే రాసి ఉంటాడు. ఆడవాళ్ళు అంతే, రెండు రోజులు ఆగితే అదే సెట్ అవుతుందని త్రీ ఫేజ్ రాశాడు. ఇంతకంటే పెద్ద తీర్పు ఏం కావాలి నాకు. వెంటనే చాయ్ బండి దగ్గర, ఎవరో నారాయణపేట నేతాయన గోడని చెప్పి, చదివి వినిపించాను. చాయ్ బండి మా బావది, అంటే మా ఇంటామెకు అన్న వరస. తరవాత ఇంటికొచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఆమెకు వినపడేలా గోడతో అన్నాను: “నారాయణపేట దిక్కు ఎవనో నేతాయనంట. పెండ్లాం మాట్లాడుతలేదంట. నాలుగు వందల మంది ఆమెదే తప్పని రాసిండ్రు.”

ఆమె ఒక రాయి ఏరి ఆ గోడకే విసిరింది. సాయంత్రం బావ వచ్చాడు.

“చెల్లే, ఇన్నవా, గా నారాయణపేటాయన పాపం శాన పరేషాన్‌ల ఉన్నడంట. నువ్వేమంటవ్?”

“అన్నా, ముందుగాల నువ్వొకటి చెప్పు. మన వీధిల ఎన్ని ఇండ్లల్ల మగ్గం సప్పుడు ఆగింది?”

బావ వేళ్ళ మీద లెక్క పెట్టాడు. ఒక్క వేలి దగ్గరే ఆగిపోయాడు. నా వైపు చూసి, మంచినీళ్ళు అడిగి తాగి, మెల్లగా వెళ్ళిపోయాడు. పొద్దు గూకేలోపల నారాయణపేటాయన ఎవరో వీధికంతా తెలిసిపోయింది.

మరునాటి నుంచి ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది, నాతో కాదు, నా ఫోన్ ద్వారా ఫోరంతో. “గా నాలుగొందల మందికి రాయి, అన్నం ఒడ్డించిన అని.” రాశాను. “తిను బ్రదర్, చల్లారుతుంది” అని త్రీ ఫేజ్ వెంటనే రాశాడు. తిన్నాను. “సిలిండర్ అయిపోయిందని రాయి ఫోరమోళ్ళకు.” రాశాను. మానవపాడు నుంచి తేవడం కష్టమని కాలిన కాయిల్ విచారం వెలిబుచ్చాడు. (మా ఇంట్లో కరివేపాకు లేదన్న సంగతి మూడు జిల్లాల రైతులకు తెలిసింది. అయిదు జిల్లాలు అని ఒకప్పుడు చెప్పేవాణ్ణి.) చాయ్ బండి దగ్గర జనం నన్ను చూడగానే “ఇయ్యాల కూరేంది, ఫోరం ఏమంటుంది?” అని అడిగేవారు.

ఇంకో రెండు రోజులకు ఆమె అసలు ప్రశ్న అడిగింది. “అంచు కాడి మనిషి లేస్తే, గుంటల మనిషి ఒక్కడే ఎన్ని జానలు నేస్తడో అడుగు.” అడిగాను. మాకేం తెలుసు, నువ్వే నేసి చెప్పు అన్నాడు కాలిన కాయిల్. పౌరుషం వచ్చింది. తెల్లారగానే గుంటలో దిగాను. నూలు నాడె విసరడం, గుంటలోంచి పైకెక్కి అంచు దగ్గరికి పాకడం, పట్టు మెలేయడం, మళ్ళీ గుంటలోకి జారడం. కాసేపటికి మెలిక నూలుకు వేశానో, నా లుంగీకి వేశానో తెలియలేదు. మధ్యాహ్నానికి ఒక జానెడు పూర్తయింది. చూడటానికి వచ్చిన బావ ఒంటికీ అంచుకూ మధ్య సందులోంచి వేలు పోనిచ్చి, అవతలి వైపు ఆడించాడు.

“ఇది చీరనా, కిటికీనా బావా?”

ఫోరంలో మీటరున్నర నేశానని రాశాను, కొంచెం సందు వచ్చిందని కూడా. కాలిన కాయిల్ జవాబు ఇది: “అన్నా, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు గుర్రుమంటది గాని నీళ్ళు పొయ్యదు. మొండిగా తిప్పితే కాలుతది. నా పేరు ఊరికె రాలేదు. నువ్వన్న చిన్న మాటేందో ముందు రాయి, ఆమెను పిలువు.”

ముహూర్తం ఇంక మూడు రోజులు. ఫోన్ పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని కాలిన కాయిల్ జవాబు చదివాను: “ఇద్దరూ సర్దుకుపోవాలి, ముఖ్యంగా ఆమె...”

“గట్ల రాయలే” అంది ఆమె, పొయ్యి వైపు చూస్తూనే. “నువ్వు తానం జేసేటప్పుడు సదివిన. మల్ల సదువు.”

మళ్ళీ చదివాను, ఉన్నదున్నట్టు. చదివాక ఇక దాచడానికి చోటు లేకపోయింది. అక్కడే గడప మీద కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కుతూ, నొక్కింది పైకి చెబుతూ రాశాను: “ఆమె ఊరికె తోడు కూసుంటదని అన్నాను. అది అబద్ధం. అంచు ఆమెది. ఏ రంగు పక్కన ఏ రంగో చెప్పేది ఆమె. ముప్పై ఏళ్ళ నుంచి...”

“ముప్పై గాదు. ముప్పై రెండు.”

వేలు ఆపాను. “ఇది ఫోరానికి చెప్తున్నవా, నాకా?”

“నీకే. సరిగ్గ రాయి.”

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నేను నేసిన జానెడునూ పోగు పోగుగా విప్పాం. విప్పుతున్నంతసేపూ ఆమె మాట్లాడింది, అన్ని రోజుల మాటలూ వరసగా, నన్ను తిట్టవలసినవి కూడా ఏదీ మర్చిపోకుండా. చీర ముహూర్తానికి ముందు రోజు సావుకారుకు చేరింది. (ఒక వారం ముందే ఇచ్చామని చాలామందికి చెప్పాను.) ముప్పై రెండేళ్ళు పక్కనే కూర్చున్న మనిషికి చెప్పాల్సిన మాటను మోటార్లవాళ్ళ చుట్టూ తిప్పి తెచ్చిన ఆ యాభై నాలుగేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. మరో రెండు రోజులకు కాలిన కాయిల్ అడిగాడు: “అన్నా, ఏమైంది?” గొప్పగా రాద్దామని చాలాసేపు ఆలోచించాను. పక్కన నాడె ఆడుతోంది, అంచు చక్కగా కలుస్తోంది, ఆమె ఏదో చెబుతూనే ఉంది. “నీళ్ళొస్తున్నయి” అని రాసి, ఫోన్ పక్కన పెట్టాను. ఆ ఫోరంలో గొప్పలేమీ కలపకుండా నేను రాసిన జవాబు బహుశా అదొక్కటే.