గబ్బిలాలు కాదు, మనుషులు

మొన్న బుధవారం పొద్దున మా మరిది పోయినాడు. మార్కాపురంలో ఆయన దగ్గర డ్రాయింగు నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నేర్చుకున్నట్టు కనబడేవాళ్ళు తక్కువ. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ సావిట్లో ఆయన వేసిన బొమ్మ కింద కూచుని, ఇల్లు ఎంత బాగ కడుతున్నారమ్మా అని మెచ్చుకుని పోయినారు. ఏడవాల్సిన నేను పళ్ళు కొరుక్కుంటా కూచున్నాను.

అది ఇల్లు కాదు. కాకినాడ రేవులో పడవ కడుతుంటే చూసి వేసిన బొమ్మ. మద్రాసులో చదివొచ్చినాడు గదా, ఉన్నది ఉన్నట్లు వేస్తే తప్పనుకునేవాడు. సముద్రం మా ఊరి పలకరాయి రంగు. మనుషులకు ముఖాలు లేవు, కాళ్ళూ చేతులూ మేకుల మాదిరి ఉంటాయి. ఇస్కూల్లో పెట్టుకోమని ఇస్తే, పిల్లలు జడుసుకుంటారని గోనెపట్టాలో చుట్టి తిప్పి పంపినారు.

ఆ పట్టా విప్పి, ఆయన ఇంట్లో లేనప్పుడు గోడకు తగిలించింది నేనే. మిషను ఇస్కూల్లో చదివినదాన్ని, ఒకరిని అడగాలా? పైన దూలం, కిందికి దిగిన వాసాలు, అడుగున పలకరాళ్ళు పరిచిన నేల. వాసాలకు నాలుగు గబ్బిలాలు. కప్పు వేస్తున్న ఇల్లనుకున్నాను.

ఆయన ఏది చూసినా తల ఎడమకు వంచి చూస్తాడు, నేను వండిన కూరతో సహా. సాయంత్రం వచ్చి బొమ్మనూ అట్లే చూసినాడు.

"వదినా, పడవను బోర్లించినావు."

బొమ్మ తిప్పుదామని నేను గబగబా పీట ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఉండనీ. ఎవరో ఒకరు చూసి చెప్పనీ. మనం చెప్తే అది పడవ కాదు, పాఠం అవుతుంది."

ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు, మొండివాడు. తప్పు నాదని తనూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. చూసి చెప్పే ఆ ఒక్కరి కోసం పద్దెనిమిదేళ్ళు. కంభం చెరువు తప్ప నీళ్ళు చూడని ఊరికి పడవ ఎట్ల తెలుస్తుందని నేను తిట్టని పండగ లేదు. కొత్తవాళ్ళు వస్తే చాలు, కాఫీ చల్లారుతున్నా వాళ్ళ కళ్ళ వంకే చూసేవాడు. వాళ్ళు గబ్బిలాలను లెక్కపెట్టి పోయేవాళ్ళు. జబ్బుపడినాక మంచం కూడా సావిట్లోనే వేయించుకున్నాడు.

నిన్న కొమరోలు నుంచి ఒకాయన వచ్చినాడు. కూలికని ఓడెక్కి బర్మాలో రంగం పోయి, తిరిగొచ్చిన మనిషి. వాళ్ళ బిడ్డకు మా మరిది బొమ్మలు నేర్పినాడంట. గడప దగ్గరే నిలబడినాడు. లోపలికి రమ్మంటే వచ్చి, గోడ వంక చూసినాడు.

"అమ్మా, పడవను బోర్లా తగిలించినారేంది?"

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మనిషి ఉండంగా రాకుండా, మొన్న మంగళవారం నీకేం పనుండిందయ్యా అని అడిగినాను. పాపం ఆయన ఆలోచించి, కంభం సంతకు పోయినానని జవాబు చెప్పినాడు.

ఇద్దరం కలిసి తిప్పినాము. పలకరాళ్ళ నేల సముద్రమై పైకి పోయింది. నాలుగు గబ్బిలాలూ ఇసుకలో కాళ్ళు మోపి మనుషులైనారు. ముగ్గురు పనిలో ఉన్నారు. నాలుగోవాడు సుత్తి కింద పెట్టినాడు. ముఖం లేదు గానీ, తల ఎడమకు వంచి, మా సావిట్లోకి చూస్తున్నాడు.