పేరు చెప్పండి, కరస్పాండెంటు గారూ

ఈ రోజు సోమవారం. మా మనవరాలికి నాలుగో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన టీచరు పోయి సరిగ్గా పదకొండు రోజులు. జ్వరమని సెలవు పెట్టారు, మరి తిరిగి రాలేదు. మొన్న శనివారం బడిలో పెట్టిన సంతాప సభ చూశాక ఇది రాయక తప్పలేదు.

ఆమెతో నా పరిచయం గొడవతోనే మొదలైంది. ప్రాపర్ నౌన్ పాఠానికి ఇంట్లోవాళ్ల పేర్లు రాసుకురమ్మన్నారు. నా పేరు దగ్గర మనవరాలు "నాయనమ్మ" అని రాసింది. టీచరు ఆ మాట కొట్టేసి, పేరు రాసుకురమ్మని పంపారు. నేను బడికి వెళ్లి, "పెద్దవాళ్ల పేరు పసిపిల్ల నోట పలికిస్తారా?" అని నిలదీశాను.

"పలకొద్దండీ. తెలిసుంటే చాలు," అన్నారు, పుస్తకాలు దిద్దుతూనే.

ఆ వారమే పిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లారు. నేనూ తోడు వెళ్లాను, తప్పు పట్టడానికే. పిల్లలు బోట్ల మీది పేర్లు రాసుకుంటుంటే, చేపల గంప దగ్గర కూర్చున్న ఒకామె నవ్వింది.

"మీ పేరేటండీ?" అంది మా పిల్ల.

"నా పేరుతో నీకేటి పనే? సేపలూ అని కేకేత్తే పలకనేటి?"

"అలాగ కేకేస్తే పాతికమంది తిరుగుతారు. నువ్వొక్కర్తివే తిరగాలంటే ఏటని పిలవాలమ్మా?" అన్నారు టీచరు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పైడమ్మ. మా ఆయన కూడా ఎప్పుడూ పేరెట్టి పిలవనేదు."

"ఇంగ్లీషులో మంత్రి పేరుకీ మొదట పెద్దక్షరమే, ఈమె పేరుకూ పెద్దక్షరమే. రాయండి," అన్నారు టీచరు. తిరిగి వచ్చే బస్సులో నా పేరు మనవరాలి చెవిలో చెప్పాను.

ఇక శనివారం సంగతి. ఫ్లెక్సీ మీద బడి నడిపే కరస్పాండెంటు గారి నిలువెత్తు ఫొటో, నాలుగు వరుసల బిరుదులు. మూలన తపాలా బిళ్లంత టీచరు ముఖం, కింద "మా ఇంగ్లీషు టీచరు". ఇరవై రెండేళ్లు ఆ బడిలో చెప్పిన మనిషి ఆమె. మైకులో ఆయన, "మన... ఇంగ్లీషు మేడమ్ గారు..." అంటూ గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా నేల చూశాడు.

నేను లేచాను. "పేరు చెప్పండి బాబూ."

"అందరికీ తెలిసిందే కదమ్మా."

"మీకు?"

మైకు ఆపేశారు. పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు.

ఆమె పేరు నేనూ ఇక్కడ రాయను. రాస్తే ఆయన చదివి, ఎప్పటి నుంచో తెలిసినట్టు పలుకుతారు. అంత సులువుగా వదలను. జరగవలసినవి ఇవి:

1. ఆ ఫ్లెక్సీ శుక్రవారంలోగా దిగాలి.

2. ఆయన స్వయంగా దువ్వాడలో టీచరు ఇంటికి వెళ్లి, ఆమె తల్లిని కూతురి పేరు అడగాలి. డ్రైవర్ని పంపితే చెల్లదు. మూడుసార్లు అడిగించుకుని గాని చెప్పవద్దని ఆవిడతో చెప్పి వచ్చాను.

3. ఆ పేరు ఉదయం ప్రార్థనలో, చివరి వరుసకు వినబడేలా చెప్పాలి.

4. అంతవరకు రోజూ ఎనిమిదింటికి బడి గేటు ఎదుట కుర్చీ వేసుకుంటాను. ఈ ఉదయం నన్ను చూసి ఆయన కారు వెనక గేటుకు మళ్లింది. రేపు అక్కడ మా వియ్యపురాలు కూర్చుంటుంది. ఆవిడ గొంతు నాకన్నా పెద్దది.