మార్కెట్లోకి రాని కంప్యూటర్

మా మావయ్య చేసిన కంప్యూటర్‌ని ప్రపంచంలో ఎవరూ కొనలేదు. అసలు అమ్మితే కదా కొనడానికి! పెళ్లయిన కొత్తలో ఆయన హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవారు. ఇంట్లో టీవీకి తగిలించుకునే కంప్యూటర్ తయారవుతుండగా యజమానులు మనసు మార్చుకుని ఆపేశారు. నమూనాగా చేసిన పెట్టె మావయ్యతోపాటు బందరు వచ్చేసింది. అప్పటినుంచి ఏ పెళ్లికి వెళ్లినా, "మీ కంప్యూటర్ ఎంతవరకు వచ్చిందండీ?" అనే పలకరింపు ఆయనకు భోజనంతోపాటే వడ్డిస్తారు. నవ్వి ఊరుకుంటారు గానీ, అది ఒకప్పుడు పనిచేసిందని ఎవరైనా నమ్మితే చాలని ఆయన ఆశ. నేనూ నమ్మలేదు.

ఈమధ్య అలా ఆగిపోయిన కంప్యూటర్లను సేకరించే తెలుగాయన ఒకరు బెంగళూరు నుంచి వచ్చారు. గుడివాడ స్టేషన్‌లో దిగితే నేనే కారులో తీసుకొచ్చాను. దారి పొడుగునా ఒకటే మాట: "దుమ్ము కూడా తుడవకూడదండీ. ఎలా ఉన్నది అలాగే ఉండాలి."

ఆ మాట మా అత్తయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఒరిగేదేమీ లేదు. బందరు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకని క్రిస్మస్ ముందు మా ఇళ్లలో గేటు, కిటికీ ఊచలు, ఇనుమన్నదానికల్లా రంగు పడుతుంది. కంప్యూటర్‌ది రేకు పెట్టె కాబట్టి దానికీ ఏటా ఒక పూత. అడ్డు చెప్పే ధైర్యం మావయ్యకు లేదు. చివరికది కిటికీకి సొంత తమ్ముడిలా ఆకుపచ్చగా మెరుస్తోంది. మీటల్ని కూడా వదల్లేదు పెయింటరు.

వచ్చినాయన ఒక మీట మీద రంగును గోటితో గీకి చూశారు. "ఇది ప్రదర్శనకు పనికిరాదండీ," అని, మావయ్యను ఓదార్చబోయి, "పోనీలెండి, ఎలాగూ పనిచెయ్యకే కదా ఆపేశారు," అన్నారు.

మావయ్య పెట్టెను మెల్లగా తనవైపు జరుపుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు చాలా బాధేసింది.

అప్పుడే కాఫీ తెచ్చిన అత్తయ్య ట్రే బల్లమీద పెట్టింది.

"పనిచేసిందండీ. నేను చూశాను. పక్కింటివాళ్ల టీవీకి తగిలించి ఈయనే చూపించారు. తెర నిండా నా పేరే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను.

"అది మా ఇద్దరి సంగతిరా. నలుగురిలో చెప్పుకునేదా?"

వచ్చినాయన కంప్యూటర్ వైపు మళ్లీ ఆసక్తిగా వంగారు. మావయ్య మాత్రం అటు చూడనే లేదు. అత్తయ్యనే చూస్తూ, "నువ్వు మర్చిపోయావనుకున్నానే," అన్నారు.