రిబ్కా టీచర్ చెప్పిన గుర్తు

తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో రిబ్కా పదకొండేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది. యాడ్‌వెర్బ్ పట్టుకోవడానికి ఆమె పిల్లలకు ఇచ్చే గుర్తు ఒక్కటే: మాట చివర ఎల్, వై ఉంటే అది యాడ్‌వెర్బ్. తను బడిలో నేర్చుకున్నదీ అదే. దాన్నెప్పుడూ అనుమానించలేదు.

ఆ రోజు ఏడో తరగతికి దిద్దిన టెస్టు పేపర్లు ఇవ్వగానే మేఘన లేచి వచ్చింది.

"టీచర్, 'ఫ్రెండ్లీ గర్ల్'లో ఫ్రెండ్లీ యాడ్జెక్టివ్ అని రాశా. మీరు కొట్టేశారు."

"చివర ఎల్, వై ఉందిగా?"

"ఫ్లైకి కూడా ఉంది కదా టీచర్. ఎగరడం వెర్బేగా?"

రిబ్కా పేపరు వెనక్కి తీసుకుంది. "రేపు చెప్తాలే, కూర్చో" అంది.

సాయంత్రం ఇంటికి, గంపలగూడెం వెళ్లే షేర్ ఆటోలో కుదురుగా కూర్చోలేకపోయింది. రిప్లై, అప్లై, సప్లై... అన్నీ వెర్బులే. 'రన్ ఫాస్ట్'లో ఫాస్ట్ యాడ్‌వెర్బే, దానికి ఎల్, వై లేనే లేవు! ఇంటికెళ్లి పొయ్యి మీద కూర మాడబెట్టింది.

"ఏంటి, ఒంట్లో బాలేదా?" అన్నాడు భర్త ఇమ్మాన్యుయేల్.

"ఇన్నేళ్లూ పిల్లలకి తప్పు చెప్పానండి."

పొద్దున్నే ప్రిన్సిపాల్ సుందరరావుకు చెప్పింది. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఆ పిల్లకో మార్కు కలిపేయండి. క్లాసులో మాత్రం అనకండి, పేరెంట్స్ దాకా పోతుంది."

"సరే సార్" అంది గానీ, పిల్లల ముందు నిలబడ్డాక మనసొప్పలేదు.

"నేను చెప్పిన గుర్తు తప్పు. మాట చివర చూడొద్దు, అది ఏం పని చేస్తుందో చూడండి. 'మంచి పాట' అంటాం, 'బాగా పాడింది' అంటాం. 'మంచి పాడింది' అంటామా?"

పిల్లలు గొల్లున నవ్వారు.

"ఎలాంటి పాటో చెప్పేది యాడ్జెక్టివ్. ఎలా పాడిందో చెప్పేది యాడ్‌వెర్బ్. పాడటం వెర్బ్."

మేఘన పేపరు అందరి ముందే దిద్దింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే గ్లోరికి ఫోన్ చేసింది. గ్లోరి తన దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు రెడ్డిగూడెంలో టీచరు.

"అయ్యో టీచర్! నిన్ననే మా పిల్లలతో ఆ గుర్తు రాయించా."

"రేపు కొట్టేయించమ్మా."

"ఎవరు చెప్పారంటే?"

"నా పేరే చెప్పు."

ఫోన్ పెట్టేసినా నెమ్మది లేదు. పాత హాజరు పట్టీలు తెప్పించుకుని, తన దగ్గర చదివి టీచర్లయిన మిగతా వాళ్ల పేర్లు వెతకసాగింది.