మొదటి ఆమేన్‌కే కదిలిపోయిన సైకిల్ పందెం

దేవునికి స్తోత్రం. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో కూడా మా ఇంటి పొయ్యి ఆరిపోకుండా చూసినవాడికి, నవ్వు మరిచిపోయే రోజుల్లో నవ్వించే మనుషుల్ని మా మధ్య పెట్టినవాడికి ముందుగా మహిమ చెల్లించి, ఆ తర్వాతే నా సంగతి మొదలుపెడతాను. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా గోరంట్లలో సైకిల్ ఎక్కి తిరిగేది మనుషులు కాదు, నీళ్ళు. మనిషి పక్కన నడిచేవాడు. ప్రతి సైకిల్‌కూ వెనక ఇనుప కడ్డీల స్టాండు వేయించి, దానికి చెరో పక్కన ప్లాస్టిక్ బిందెలు తగిలించి, ఊరి బయట తోటల్లో ఇంకా నీళ్ళు పోసే బోరు ఎక్కడుంటే అక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళం. అలా నిండు బిందెలతో నడవకుండా తొక్కుకుంటూ వచ్చేవాడు మా ఊళ్ళో ఒక్కడే. ఆయన మా అక్క మొగుడు, మా బావ. హోటళ్ళకూ ఇళ్ళకూ నీళ్ళు తెచ్చివ్వడమే ఆయన పని. మా మందిరంలో బాప్తిస్మపు తొట్టి ఎండిపోయి, రక్షణ పొందినవాళ్ళు కూడా ట్యాంకర్ కోసం ఎదురుచూడవలసి వచ్చినప్పుడు, బావ ఒక్కడే పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపల దాన్ని నింపేశాడు. (ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. నీళ్ళు నడుము దాకా రాలేదు, మా పాస్టరు అయ్యగారు నన్ను కాస్త గట్టిగా వంచవలసి వచ్చింది.)

నేనప్పుడు డిగ్రీ ముగించి, ఒక దినపత్రిక జిల్లా పేజీకి మా మండలం వార్తలు రాసేవాణ్ణి. నా వార్తలన్నీ ఒకే కుటుంబంలో పుట్టినట్టుండేవి. బోరు వేశారు, నీళ్ళు పడలేదు. ట్యాంకర్ రావాలి, రాలేదు. ఖాళీ బిందెలతో మహిళల రాస్తారోకో. ఫోటోలైతే మరీ ఘోరం. స్టూడియో అన్న కెమెరా అడిగి తెచ్చుకునేవాణ్ణి గానీ, నా చేతుల్లో పడితే తాలూకా ఆఫీసు కూడా ఒక పక్కకు ఒరిగేది, ఉపన్యాసమిచ్చే పెద్దమనిషికి తల ఉండేది కాదు. అనంతపురంలో డెస్క్ ఇన్‌ఛార్జి ఒకనాడు ఫోన్లో అన్నాడు. "ఏమప్పా, మీ ఊర్లో బిందెలు తప్ప ఇంకేం లేవా? సైకిల్ పందెం మీ ఊరి మింద వస్తాండాది. కర్ణాటక నుంచి పెద్ద పెద్ద రైడర్లు వస్తాండారు. ఆదివారం పేజీ తొందరగా మూసేస్తాం. మధ్యాహ్నం లోపల మంచి ఫోటో నా టేబుల్ మింద ఉండాల. లేకుంటే ఆ సెంటర్‌కు ఇంకొకర్ని చూసుకుంటాం." ఆ సెంటర్, అంటే మా మండలం విలేకరి పని, పోతే కుదరదు. ఎందుకంటే ఈ ఉద్యోగం దేవుడే ఇచ్చాడని సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పేసి ఉన్నాను. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు.

ఆ పందెం మూడు రోజుల పందెం. మొదటి రోజు హిందూపురం నుంచి మడకశిర, రెండో రోజు మడకశిర నుంచి గోరంట్ల, మూడో రోజు గోరంట్ల నుంచి అనంతపురం. మూడు రోజుల్లో ఎవరికి ఎంత సమయం పట్టిందో కలిపి చూసి గెలుపు చెబుతారు. బయటివాళ్ళు బాగానే పేర్లిచ్చారు గానీ మా జిల్లావాళ్ళు చూడటానికే తప్ప తొక్కడానికి ముందుకు రాలేదు. పందెం నడిపే పెద్దాయన ఎప్పుడూ తెల్ల టోపీ పెట్టుకునేవాడు. ఆయన స్థానికుల కోసం ఊరూరా తిరుగుతూ, జిల్లావాళ్ళలో ముందొచ్చినవాడికి వేరే కప్పు ఇస్తామని ఆశ పెడుతూ మా ఊరికొచ్చాడు. అదే సమయానికి మా బావ నిండు బిందెలతో ఎగువకు తొక్కుతూ, హ్యాండిల్ వదిలేసి రెండు చేతులా టవలుతో మొహం తుడుచుకుంటున్నాడు. టోపీసారు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అన్నా, బిందెలు లేకుండా తొక్కుతావా?"

"బిందెలు లేకుంటే సైకిలు తేలిపోతాది సార్. అలవాటు లేదు," అన్నాడు బావ.

చివరికి స్టాండు మాత్రం విప్పనన్న షరతు మీద ఒప్పుకున్నాడు. మొదటి రెండు రోజులూ ఆ సన్నచక్రాల సైకిళ్ళ మధ్య మా బావ లారీ మాదిరి గలగలమని చప్పుడు చేసుకుంటూ పోయాడు. రెండో రోజు సాయంత్రానికి జిల్లావాళ్ళందరిలో ఆయనే ముందున్నాడు. రెండోవాడు గుమ్మఘట్ట నుంచి వచ్చిన గొర్రెల కాపరి, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే మంచి మనిషి. రాత్రి మా ఇంట్లోనే ముద్ద తిన్నాడు.

చిక్కల్లా మూడో రోజు ఆదివారం కావడం. బావ పెళ్ళయినప్పటి నుంచి ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. "కప్పు కోసం దేవుణ్ణి కూర్చోబెట్టలేను రా," అని సైకిల్‌ను గోడకానించేశాడు. అక్క ఏడుపు మొహం పెట్టింది. నేను అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడ్డం నిమురుకుని, "వాక్యంలో పరుగెత్తేవాళ్ళుండారు గానీ సైకిల్ తొక్కేవాళ్ళు లేరే," అని కాసేపు ఇబ్బంది పడి, ఆ తర్వాత తానే దారి చూపించాడు. "ఆయన మందిరానికి రాలేకపోతే మందిరమే ఆయన దగ్గరికి వస్తాది. పందెం కాడనే ప్రార్థన చేస్తా." మా అయ్యగారి ప్రార్థన గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఆయన ప్రార్థనలో ఆమేన్ ఒక్కసారి రాదు. ఆమేన్ అన్నాక ఎవరో జ్ఞాపకం వస్తారు. "అలాగే తండ్రీ, ఆస్పత్రిలో ఉన్న నీ కుమార్తెను" అని మళ్ళీ మొదలవుతుంది. దానికీ ఆమేన్ అయ్యాక వానలు జ్ఞాపకం వస్తాయి. మా సంఘంలో చంటిపిల్లలు కూడా మొదటి ఆమేన్‌కు కళ్ళు తెరవరు.

పొద్దున్నే బస్టాండు ముందు జనం. గుడి పూజారి వచ్చి సైకిళ్ళ ముందు టెంకాయ కొట్టాడు. మసీదు పెద్దాయన వచ్చి ఊది దీవించాడు. అందరికీ సంతోషమే. పత్రికలవాళ్ళ కోసం ఒక జీపు పెట్టారు. నా ఏర్పాటేమిటంటే, బయలుదేరేటప్పుడు ఫోటో తీసి, అదే జీపులో అనంతపురం పోయి, కెమెరాలోంచి ఫిల్మ్ రోలు తీసి డెస్క్ మీద పెట్టడం. వార్త ఫ్యాక్స్‌లో పోతుంది గానీ ఫోటో పోదు కదా. బావ ముందువరుసలో స్టాండు తగిలించిన సైకిల్ మీద ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. నేను ఎదురుగా కెమెరా మెడలో వేసుకుని సిద్ధంగా ఉన్నాను. అప్పుడు అయ్యగారిని పిలిచారు. ఆయన రెండు చేతులూ పైకెత్తగానే ఊరు ఊరంతా నిశ్శబ్దం. కర్ణాటక నుంచి, బీజాపూరు నుంచి వచ్చిన రైడరు పిల్లలు కూడా హెల్మెట్లు వంచారు. మేం కళ్ళు మూసుకున్నాం.

అయ్యగారు చక్రాల కోసం ప్రార్థించారు, గొలుసుల కోసం ప్రార్థించారు, పెనుకొండ దగ్గర ఎదురయ్యే లారీలవాళ్ళ మనసుల కోసం ప్రార్థించారు. "ఆమేన్" అన్నారు. నేను కదలలేదు. బావా కదలలేదు. అయ్యగారు ఊపిరి తీసుకుని, "అలాగే తండ్రీ" అన్నారు. ఆ మాట వెనకే విజిల్ వినిపించింది, ఆ వెనక జడివాన పడుతున్నట్టు గొలుసుల చప్పుడు. కళ్ళు తెరుద్దామా అంటే మనసొప్పలేదు, అయ్యగారు అప్పటికి మా అమ్మ మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చారు. కళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాయి గానీ నా వేలు నా మాట వినలేదు. మెడలో వేలాడుతున్న కెమెరా మీద అది ఒక్కసారి నొక్కింది.

మూడో ఆమేన్‌కు కళ్ళు తెరిచి చూస్తే రోడ్డు మీద దుమ్ము, ఎవరిదో ఒక చెప్పు, దుమ్ము మధ్యలో ఒంటికాలి మీద మా బావ. జీపు లేదు. అయ్యగారు అటూ ఇటూ చూశారు.

"వీళ్ళంతా యాడికి పోయినారయ్యా?"

"అనంతపురం పోయినారు అయ్యగారూ," అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.

నేను దగ్గరికి పరుగెత్తాను. "బావా, జీపు పాయె."

"పందెమే పాయె. నువ్వు జీపు కోసం ఏడుస్తాండావా?"

బస్టాండులో కండక్టర్‌ను అడిగితే, రైడర్లు హైవే ఎక్కినారని కబురొచ్చేదాకా బండి కదలదని చెప్పాడు. అది కదిలి, ఊరూరా ఆగి, అనంతపురం చేరేసరికి పేజీ మూసేసి డెస్క్‌లో అందరూ ఇళ్ళకు పోయి ఉంటారు. నా మొహం చూసి బావ చెయ్యి చాపాడు. "ఇట్ల ఇయ్యి ఆ రోలు. యాడ ఇయ్యాల?"

"పేపర్ ఆఫీసులో. మధ్యాహ్నం లోపల. పేజీ మూసేస్తారు బావా."

అక్క తన చీర పిన్నీసు తీసి, రోలును బావ చొక్కా జేబులో పెట్టి జేబుకు పిన్ను గుచ్చింది. ఆయన పెడలు మీద లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. ఆ ఇనుప స్టాండు చప్పుడు పెద్ద వీధి మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినిపించింది. పందెం వార్త పందేన్ని తరుముకుంటూ పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత కదిలిన బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రార్థన చేసుకుంటూ పోయాను. ఆషాఢం గాలి అడ్డంగా కొడుతోంది. విత్తనం వెయ్యని చేలల్లోంచి ఎర్రమట్టి లేచి బస్సులోకే వస్తోంది. ఆ గాలిలో ఆయన ఎంత దూరం పోయి ఉంటాడని నా దిగులు. సోమందేపల్లిలో బస్సాగితే టీ కొట్టు దగ్గర అడిగాను.

"నీళ్ళ సైకిలాయనా? పోయినాడప్పా. బిందెలు యాడో పారేసుకున్యాడు పాపం," అన్నాడు టీ అన్న.

పెనుకొండలో జామకాయలమ్మే అవ్వ ఇంకా బాగా చెప్పింది. "నా కండ్లారా చూసినా నాయనా. నలగురు ప్యాంటు బిగదీసుకున్న పిల్లోళ్ళు ముందర పోతాంటే, ఎనకాల నుంచి గడగడా అని వచ్చినాడు. వాళ్ళు లారీ అనుకొని పక్కకు తప్పుకొన్యారు. ఆ పిక్కలు చూడల్ల నువ్వు, రోకళ్ళు."

బస్సులో అందరికీ నేను ఆ పిక్కల బామ్మర్దినని చెప్పుకున్నాను. (అడగకపోయినా చెప్పాను.) తోటి ప్రయాణికుడొకాయన లేచి నాకు మంచి సీటు కూడా ఇచ్చాడు.

అనంతపురంలో దిగి నేరుగా ఆఫీసుకు పరుగెత్తాను. పేజీ మూసేసినా ఇంకా ఇంటికి పోని డెస్క్ ఇన్‌ఛార్జి నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎవరప్పా ఆయన? దుమ్ము కొట్టుకొని ఎర్రగా వచ్చి, సైకిలు మెట్ల మింద పెట్టి, జేబు పిన్ను పీకి రోలిచ్చినాడు. చొక్కాకు నంబరు చూసి, రైడరే కదా అని, ఫస్టు ఎవరొచ్చినారన్నా అని అడిగినా. ఏమన్నాడో తెలుసా? 'తెలీదు సార్, నేనింకా రాలేదు' అన్నాడు. చెంబెడు నీళ్ళు తాగి మళ్ళా తొక్కుకుంటా పోయినాడు."

అనంతపురం ఊళ్ళోకి వచ్చేసరికి బావ మొదటి గుంపు వెనకే ఉన్నాడట. పందెం ముగిసే మైదానం దారి ఒక పక్క, మా ఆఫీసు దారి ఇంకో పక్క. కూడలిలో జనమంతా "అట్ల గాదన్నా, ఇట్ల" అని చేతులూపుతుంటే, అందరికీ తల ఊపి, ఆయన మా ఆఫీసు వైపే తిప్పాడు.

ఇన్‌ఛార్జి ఆ రోలులోంచి కడిగించిన ఫోటో నా ముందు పెట్టాడు. అందులో ఒక్కరికీ మొహం లేదు. అయ్యగారు నడుము నుంచి కిందికే ఉన్నారు. టోపీసారు అసలు లేడు. ఉన్నవి కాళ్ళు, చక్రాలు, లేస్తున్న దుమ్ము. అన్ని చక్రాలూ గీతలు గీతలుగా పోతుంటే, నడిమధ్యలో ఇనుప స్టాండున్న సైకిల్ ఒకటి, దాని పక్కన నేలకు నాటినట్టు ఒక కాలు. అరిగిన చెప్పు, నరాలు తేలిన పిక్క, అంతే. నా జన్మలో నేను తీసిన ఒకే ఒక్క నిటారు ఫోటో అది.

"ఈ యాంగిల్ ఎట్ల తట్టింది నీకు? పై వాళ్ళు రాష్ట్రం పేజీకి తీసుకొన్యారు," అన్నాడు.

"దేవుని కృప సార్," అన్నాను. అంతకు మించి నిజం నాకు తెలియదు. నా సెంటర్ నాకే మిగిలింది.

మైదానానికి వెళ్ళేసరికి షామియానా కింద కప్పులిస్తున్నారు. జిల్లావాళ్ళ కప్పు గుమ్మఘట్ట ఆయనకు వెళ్ళింది. ఆయన దాన్ని గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకున్నాడు. జనంలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నది మా బావ. ఆయన అందరికన్నా చివర వచ్చాడని మైకులో చెప్పినప్పుడు కూడా, ఎవరి గురించో చెబుతున్నట్టు అదే ఊపులో కొట్టాడు. నేను పక్కన కూలబడి అడిగాను. "బావా, ముందు గీత దాటేసి, ఆ తర్వాత ఆఫీసుకు పోయింటే ఏం పోయేది? కప్పు నీదే కదా."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "గీత యాడికి పోతాది రా. ఆడనే ఉంటాది. మీ పేజీ మూసేస్తారంటివి గదా."

ఆయన ఏదో గొప్ప పని చేశానని అనుకోవడం లేదు. బిందెలు ముందు హోటల్‌లో దించాలా ఇంట్లో దించాలా అన్న లెక్క లాంటిదే అది ఆయనకు. మర్నాడు పత్రికలో ఆ ఫోటో కింద, నేను శనివారమే రాసి ఫ్యాక్స్ చేసిన వార్త అచ్చయింది. "పలువురు స్థానికులు సైతం ఉత్సాహంగా పాల్గొన్నారు" అని అందులో ఒక వాక్యం. అక్క చదివి వినిపిస్తే, బావ బీడు పడిన చేను లాంటి తన అరిచేతులు చూసుకుని, "పలువుర్లో నేనూ ఉండానా?" అని అడిగాడు. ఉన్నావంది అక్క. ఆయనకు అది చాలింది.

ఇప్పుడు నా తల నెరిసింది. ఆ తర్వాత ఎన్నో వార్తలు రాశాను, మంత్రులను చూశాను, తలలున్న ఫోటోలు కూడా తీశాను. ఒక్కోసారి బస్సు కిటికీలోంచి దుమ్ము లేచినప్పుడు, ఆ రోజు "పిక్కల బామ్మర్దిని" అని చెప్పుకుంటూ పోయిన ఆ బక్క కుర్రవాడు గుర్తొస్తాడు. చేతిలో రోలు లేదు, మనసులో ఉద్యోగం తప్ప ఇంకో ఆలోచన లేదు. తన కోసం ఒక మనిషి ఎదురుగాలిలో ఏం వదులుకోబోతున్నాడో తెలియకుండా, మంచి సీటు దొరికిందని మురిసిపోతున్నాడు. వాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది. వాడు అప్పుడే తెలివైనవాడైతే ఆ సంతోషం కూడా దక్కేది కాదు.

ప్రియులారా, మా బావకు వచ్చే వారం మోకాలికి ఆపరేషన్. ఆయన డాక్టరును అడిగినదల్లా మళ్ళీ సైకిల్ ఎక్కొచ్చునా అని ఒక్కటే. డాక్టరు చూద్దాంలే అన్నాడట. మీరు ఏ ఊళ్ళో ఉండి ఇది చదువుతున్నా, ఏ పనిలో ఉన్నా, ఆ కాళ్ళ కోసం మాతో కలిసి ఒక్క క్షణం ప్రార్థించండి.