అన్న వేళ్ళ మీది గీతలు

పొద్దున వల బాగుచేస్తుంటే నైలాన్ దారం చూపుడువేలి మడతలో కోసుకుంది. ఉప్పు తగిలి చురుక్కుమంది. అలా మండినప్పుడల్లా నాకు డాక్టర్ రజియా గారు గుర్తొస్తారు. కోవూరు మనిషి. పెద్దాసుపత్రిలో శవపరీక్షలు చేసేవారు. మొదటిసారి కలిసిన రోజు నన్ను కూర్చోమని కూడా అనలేదు. అది నేను మరిచిపోలేదు.

మా పల్లె విడవలూరు దాటాక, సముద్రం పక్కన. అక్కడ వలల పాకలో మా అన్న ఛాతీలో కత్తిపోటుతో చనిపోయి కనిపించాడు. వదిన అలిగి పుట్టింట్లో ఉందని తెలిసి, దిగులుతో తనే పొడుచుకున్నాడని ఎస్సై తేల్చేశాడు. ముందురోజే రొయ్యల చెరువు కాపలావాడు అన్నను చంపుతానన్నాడని ఎస్సైకి చెప్పాను. “నీకేం తెలుసు, పోవయ్యా” అన్నాడు. ఆ మాటా నా దగ్గర భద్రంగానే ఉంది. అర్జీ రాసుకుని నేరుగా మార్చురీకి వెళ్ళాను.

పరీక్ష మధ్యలో డాక్టర్ గారు బయటికొచ్చారు. అన్నది ఏ చేతివాటం, ఆ రోజు వేటకు వెళ్ళాడా అని అడిగారు. అన్న గురించి అంత శ్రద్ధగా అడిగింది ఆవిడొక్కరే. కోపంలో కూడా నాకు ఆసక్తి పుట్టింది.

“వేళ్ళ మీద సన్నటి గీతలున్నాయి, కొన్ని పచ్చివి. ముందునుంచీ ఉన్నాయా?”

వల లాగిన ప్రతి చేతికీ అవి ఉంటాయని నాకు తెలుసు. అయినా, “లేవు మేడం. కత్తికి చెయ్యి అడ్డం పెట్టుంటాడు” అన్నాను.

“ఏదీ, నీ చెయ్యి చూపించు.”

చూపించాను. అవే గీతలు.

“మరి నిన్నెవరు పొడిచినారయ్యా?”

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. “మా అన్నను చంపినారు మేడం. అది మాత్రం అబద్ధం కాదు.”

“అయితే దానికి అబద్ధం తోడెందుకు? నువ్వు చెప్పినట్టూ రాయను, ఎస్సై చెప్పినట్టూ రాయను.”

అవమానమైనా అక్కణ్ణుంచి కదల్లేదు. పని ముగించుకొచ్చిన ఆవిడ, నేనింకా అక్కడే ఉండటం చూసి వివరించారు. తనను తాను పొడుచుకునే మనిషి చెయ్యి తరచూ జంకుతుందట. పెద్ద గాయం పక్కన పైపై గీతలు పడతాయట. అన్న ఒంటిమీద అవి లేవు. అంతమాత్రాన హత్య అనలేమన్నారు. తర్వాత నా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ వేలు పెట్టి, “ఇక్కడ లోతుగా తెగింది. దారం ఇంత లోతు కొయ్యదు. మీదికొచ్చిన కత్తిని పట్టుకుంటే తెగుతుంది. ముంజేతి వెనకా ఇట్టాంటిదే ఇంకోటి ఉంది” అన్నారు. నేను నా చేతినే కొత్తగా చూసుకున్నాను.

ఆవిడ రిపోర్టు వచ్చాక ఎస్సై దాన్ని హత్య కేసుగా మార్చి, కాపలావాణ్ణి పట్టుకోక తప్పలేదు. కోర్టులో వాడి తరఫు వకీలు ముగ్గురు జాలరులను నిలబెట్టి చేతులు చాపించాడు. “ఇవీ పెనుగులాట గాయాలేనా డాక్టర్ గారూ?”

“కావు. కావనే నా రిపోర్టులో రాశాను. రెండో పేజీ చూడండి.”

వకీలు కాగితం తిప్పి చూసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత అతను ఎంత తిప్పి అడిగినా, ఆ రెండు లోతు కోతలను కదిలించలేకపోయాడు. కాపలావాడికి శిక్ష పడింది. ఆ సన్న గీతల గురించి ఆవిడ నా మాట నమ్మి రాసుంటే, వాడు ఆ రోజే నవ్వుతూ మెట్లు దిగేవాడు.

నేను ఇప్పటికీ అర్జీలు రాస్తూనే ఉంటాను. నన్ను చూస్తే ఆఫీసుల్లో తలలు తిప్పుకుంటారు. మొన్న కలెక్టర్ గారికి, రొయ్యల చెరువు నీళ్ళు మా బావిలోకి వదిలారని రాశాను. వదలడం నేను చూడలేదు. ఆ వాక్యం కొట్టేసి, ‘మా బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, పరీక్ష చేయించండి’ అని రాసి సంతకం పెట్టాను.