వందకు నూట నలభై మూడు బస్తాలు

ఇది ఒక యుద్ధం కథ. వనపర్తి గడ్డ మీద, ఎర్రటి ఎండలో, ఓడితే మళ్ళీ లేవలేనివాడు చేసిన యుద్ధం. అని మొదలుపెడదామనుకున్నా గానీ, అది స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ పరీక్ష. నెత్తి మీద ఫ్యాను కూడా తిరుగుతోంది.

ఓడితే అన్నది మాత్రం నిజమే. డిగ్రీలో ఆ ఒక్క పేపరే మిగిలింది. అది పోతే బీఎడ్ సీటు పోతుంది. మా అమ్మ అప్పటికే మా ఊరు అమరచింత అంతా "మావోడు సార్ అయితుండు" అని చెప్పి వచ్చింది.

లెక్క: పల్లి బస్తాల బరువు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంది. సగటు నలభై కిలోలు, స్టాండర్డ్ డివియేషన్ రెండు. బస్తా నలభై మూడు కిలోల కన్నా తక్కువ తూగే సంభావ్యత ఎంత? నలభై మూడులోంచి నలభై తీసేసి రెండుతో భాగిస్తే జెడ్ ఒకటిన్నర. హాల్లో ఇచ్చిన టేబుల్లో దానికెదురుగా 0.9332. గైడులో నేర్చుకున్నట్టే దానికి 0.5 కలిపాను. 1.4332.

సంభావ్యత ఒకటి దాటదు. నా లెక్కన వంద బస్తాలు తూస్తే నూట నలభై మూడు తక్కువ తూగుతాయి. మళ్ళీ చేశాను. అదే. పెన్ను మార్చి చేశాను. అదే.

వెనక బెంచీలో నాతోపాటే తప్పిన దోస్తును అడిగాను. "నీకెంతొచ్చిందిరా?"

"ఒకటి పాయింట్ నాలుగు."

"గట్లెట్ల వస్తది బే?"

"నాకేం తెల్వదు. వచ్చింది, రాసిన."

ఇన్విజిలేటర్‌ను పిలిచాను. "సార్, టేబుల్ తప్పు పడ్డట్టుంది."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నేను తెలుగు సార్‌ను నాయనా. గణాలు అడుగు, చెప్త. జర సప్పుడు చెయ్యకుండ రాయి."

కాగితం తిరిగి తీసుకున్నప్పుడు టేబుల్ పైనున్న గంట ఆకారం గ్రాఫు కనబడింది. గైడులో నడిమి గీత నుంచి జెడ్ దాకానే నలుపు. ఇందులో ఎడమ కొస నుంచీ నలుపే. ఆ 0.5 వాళ్ళే కలిపి ఇచ్చారు, నేను మళ్ళీ కలుపుతున్నాను. ముప్పావు గంట ఆ ఒక్క లెక్కకే పోయింది. ఇంకా మూడు లెక్కలున్నాయి, ఇరవై నిమిషాలున్నాయి. దోస్తుకు చెబుదామని వెనక్కి తిరిగితే బెంచీ ఖాళీ. పేపరిచ్చి పోయాడు.

ఫలితాలొచ్చేదాకా అన్నం ముందు కూర్చున్నా ఆ లెక్కలే చేశాను.

పాసయ్యాను. వాడూ పాసయ్యాడు. మెమో కావాలంటే హాల్ టికెట్ జిరాక్స్ పట్టుకెళ్ళాలి. ఒంటిగంట నుంచి రెండు దాకా కౌంటర్ బంద్.